నేత్రపటల వ్యాధులు: కళ్ళద్దాల పరీక్షలో తెలిసేదెంత? తెలియనిదెంత?

కంటి లోపలి గోడకు అంటుకొని ఉండి, వెలుగును గ్రహించి మెదడుకు పంపే పలుచని పొరను నేత్రపటలం అంటారు. వైద్యులు దీనినే రెటీనా అంటారు. తమిళనాడులోని ఆసుపత్రి కాగితాలపై ఇది ‘విళిత్తిరై’ అన్న పేరుతో కనిపిస్తుంది. ఈ పొరకు వచ్చే జబ్బులు చాలావరకు నొప్పి లేకుండా వస్తాయి. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, ఊసులు కట్టదు. చూపు మాత్రం తగ్గుతూ పోతుంది. ఆ తగ్గుదల అద్దాల నంబరు మారినందువల్లనే అనుకొని కాలం గడిపినవారు, తిరిగి రాని చూపును పోగొట్టుకొన్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

శ్రీ రమణ మహర్షి జన్మస్థలమైన తిరుచ్చులి చుట్టుపక్కల గ్రామాలలోను, అరుప్పుక్కోట్టై, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాలలోను ఇంట తెలుగు మాట్లాడుకొనే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. ఇక్కడ చూపు మందగించిన పెద్దవారు మొదట వెళ్ళేది దగ్గరి పట్టణంలోని కళ్ళద్దాల దుకాణానికే. అక్కడ అద్దాల నంబరు చూసే పరీక్ష వేరు, నేత్రపటలం చూసే పరీక్ష వేరు. ఈ భేదం తెలిసి ఉంటే ఎంతో చూపు నిలబడుతుంది. ఆ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేత్రపటలం నిర్మాణం

కంటిని పాతకాలపు ఫిల్ము కెమెరాతో పోల్చడం పాఠశాలలలో పరిపాటి. ముందున్న కటకం వెలుగును ఒకచోట కేంద్రీకరిస్తుంది. వెనుకనున్న నేత్రపటలం ఫిల్ము వలె ఆ బింబాన్ని అందుకొంటుంది. అర మిల్లీమీటరు కన్న పలుచనైన ఈ పొరలో సుమారు 12 కోట్ల దండకణాలు, సుమారు 60 లక్షల శంకుకణాలు ఉన్నాయి. మసక వెలుతురులో చూపునిచ్చేవి దండకణాలు. పగటి వెలుగులో రంగులను, సూక్ష్మమైన వివరాలను చూపేవి శంకుకణాలు. నేత్రపటలం నడిమధ్యన ఉన్న చిన్న ప్రదేశాన్ని పసుపుచుక్క అంటారు, వైద్యభాషలో మాక్యులా. అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటివారి ముఖం గుర్తుపట్టడం ఈ పసుపుచుక్క పనులు.

కంటి నరం బయటకు వెళ్ళే చోట వెలుగును గ్రహించే కణాలు లేవు. దానిని అంధచుక్క అంటారు. ఇంట్లోనే దీనిని పరీక్షించవచ్చు. తెల్లకాగితంపై ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి ఏడు సెంటీమీటర్ల దూరంలో కుడివైపు ఒక నల్లచుక్క పెట్టవలెను. ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెస్తే, సుమారు పాతిక సెంటీమీటర్ల దూరంలో నల్లచుక్క మాయమవుతుంది. అక్కడ నల్లని రంధ్రమేమీ కనిపించదు, ఖాళీ కాగితమే కనిపిస్తుంది. లేని చూపును మెదడు ఊహించి పూరిస్తున్నదన్నమాట. నేత్రపటలంలో ఒక మూల జబ్బు మొదలైనప్పుడు కూడా మెదడు ఇదే విధంగా లోటును కప్పిపుచ్చుతుంది. పైగా ఒక కంటి లోటును రెండవ కన్ను పూరిస్తుంది. అందువల్లనే ఒక కంటిలో సగం చూపు పోయినా చాలామందికి ఆ సంగతి తెలియదు. నెలకొకసారి ఒక్కొక్క కంటినీ విడివిడిగా మూసి గోడమీది క్యాలెండరును చూసుకోవడం మంచి అలవాటు.

కళ్ళు పరీక్షించేవారు ఎవరెవరు?

కళ్ళద్దాల దుకాణంలో చీటీ ప్రకారం అద్దాలు బిగించి ఇచ్చేవారు ఆప్టీషియన్లు. వీరిది వ్యాధిని గుర్తించే పని కాదు. ఆప్టోమెట్రిస్టు దృష్టి పరీక్షలో పట్టభద్రుడు. చూపును కొలవడం, అద్దాలు నిర్ణయించడం, కంటి లోపలి భాగాలను పరికరాలతో చూసి అనుమానం ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపడం అతని బాధ్యత. ఆసుపత్రులలోను, ప్రభుత్వ కేంద్రాలలోను ఉండే నేత్ర సహాయకులు డిప్లొమా చదివి ఈ పనిలో కొంత భాగం చేస్తారు. వైద్యశాస్త్రం చదివి, కంటి శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవారు నేత్రవైద్యులు. వారిలో నేత్రపటలం ఒక్కదానినే ప్రత్యేకంగా అభ్యసించినవారు రెటీనా నిపుణులు.

బల్లపై ‘కంటి పరీక్ష ఉచితం’ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఆప్టోమెట్రిస్టు ఉన్నట్లు కాదు. పరీక్షించే వారి చదువు ఏమిటని మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

పరీక్ష ఎలా సాగుతుంది?

శ్రద్ధగా పనిచేసే ఆప్టోమెట్రిస్టు మొదట అడిగేది నంబరు కాదు, చరిత్ర. చూపు ఒక్కసారిగా తగ్గిందా, మెల్లగా తగ్గిందా? ఒక కంటిలోనా, రెండింటిలోనా? షుగరు, బీపీ ఉన్నాయా, ఎన్ని ఏళ్ళుగా? ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా? కంటికి దెబ్బ తగిలిందా? ఏ మందులు వాడుతున్నారు? ఈ ప్రశ్నలకు ఇచ్చే సమాధానాలలోనే సగం రోగనిర్ణయం ఉన్నది.

తరువాత ఆరు మీటర్ల దూరాన అక్షరాల పట్టిక. నెదర్లాండ్సుకు చెందిన వైద్యుడు స్నెల్లెన్ 1862లో రూపొందించిన పద్ధతి ఇది. చీటీపై 6/60 అని రాస్తే, మంచి కన్ను 60 మీటర్ల నుండి చూడగలిగిన అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల నుండి మాత్రమే చూడగలుగుతున్నదని అర్థం.

చూపు తక్కువగా ఉంటే సూదిరంధ్రం పరీక్ష చేస్తారు. ఒక మిల్లీమీటరుకు కొంచెం మించిన రంధ్రం గల నల్లని పలకను కంటికి అడ్డుపెట్టి మళ్ళీ చదివిస్తారు. చూపు మెరుగుపడితే లోపం చాలావరకు అద్దాలతో సవరింపదగినది. మెరుగుపడకపోతే లోపం ఇంకా లోపల ఉన్నదేమోనని అనుమానించవలెను. చిన్నదైన ఈ పరీక్ష అద్దాల లోపాన్ని, నేత్రపటలపు లోపాన్ని వేరుచేసే మొదటి జల్లెడ. అద్దాలు మార్చి మార్చి చూపినా ఆఖరి వరుసలు కనిపించనప్పుడు, ‘ఇంతకన్న రాదు’ అని చెప్పి పంపడం పరీక్ష కాదు. ఎందుకు రాదో చెప్పగలగడం పరీక్ష.

ఆపైన రెండు కళ్ళపై టార్చి వెలుగును మార్చి మార్చి వేసి కంటిపాప ముడుచుకొనే తీరు చూస్తారు. ఒక కంటి నేత్రపటలం గాని, నరం గాని బాగా దెబ్బతిన్నప్పుడు, వెలుగు పడినా ఆ కంటిపాప ముడుచుకోవడానికి బదులు విచ్చుకొంటుంది. స్విట్జర్లాండు వైద్యుడు ఆమ్స్లర్ పేరు గల గళ్ళ కాగితాన్ని చదివే దూరంలో పట్టుకొని, నడిమి చుక్కను చూడమంటారు. గీతలు వంకరగా గాని, మధ్యలో చెరిగిపోయినట్లుగా గాని కనిపిస్తే పసుపుచుక్కలో జబ్బు ఉన్నదని అనుమానం.

కంటిపాపను విప్పి చూడటం

కంటిపాప చిన్న కిటికీ వంటిది. కిటికీ సందులోనుండి చూస్తే గదిలో నడిమి భాగమే కనిపిస్తుంది, మూలలు కనిపించవు. చుక్కల మందు వేసి కిటికీని బార్లా తెరిచినప్పుడే నేత్రపటలం అంచుల వరకు కనిపిస్తుంది. ట్రోపికమైడ్ వంటి మందు వేశాక 20 నుండి 30 నిమిషాలలో కంటిపాప విచ్చుకొంటుంది. తరువాత నాలుగు నుండి ఆరు గంటల వరకు దగ్గరి చూపు మసకగాను, వెలుగు భరించలేనట్లుగాను ఉంటుంది. ఆ రోజు ద్విచక్రవాహనం నడపరాదు. వెంట ఒకరిని తీసుకువెళ్ళడం మంచిది. నీటికాసుల జబ్బు ఉన్నవారు ముందే చెప్పవలెను. ఇంటికి వచ్చాక కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి, వాంతులు వస్తే వెంటనే తిరిగి వెళ్ళవలెను. ఇది అరుదే కాని, ఆలస్యం చేయరానిది.

జీవించి ఉన్న మనిషి కంటి లోపలి భాగాన్ని చూడగల ఆఫ్తల్మోస్కోపును జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి పరిచయం చేశాడు. ఈనాటికీ చేతిలో పట్టుకొనే ఈ పరికరం నేత్రపటలాన్ని సుమారు 15 రెట్లు పెద్దదిగా చూపుతుంది, కాని ఒకసారికి కొద్ది భాగమే కనిపిస్తుంది. స్లిట్ ల్యాంప్ అనే బల్లమీది సూక్ష్మదర్శిని ముందు గడ్డం ఆనించి, కంటికి దగ్గరగా 90 డయాప్టర్ల కటకం పట్టి చూస్తే పసుపుచుక్క, నరం తల రెండు కళ్ళతో లోతుగా కనిపిస్తాయి. తలకు తగిలించుకొనే దీపంతో, 20 డయాప్టర్ల కటకంతో చూసే పద్ధతిలో నేత్రపటలం అంచుల వరకు విశాలంగా కనిపిస్తుంది. అంచులలో పడిన చిరుగులను పట్టుకోవడానికి ఇదే ప్రధాన సాధనం.

వీటికి తోడు ఫండస్ కెమెరా నేత్రపటలాన్ని ఫొటో తీసి దాచిపెడుతుంది. మళ్ళీ ఏడాది తీసిన ఫొటోతో పోల్చవచ్చు. 1991లో వెలుగుచూసిన ఓసీటీ పరికరం వెలుగు కిరణాలతోనే నేత్రపటలాన్ని పొరలు పొరలుగా కోసి చూపినట్లు చూపుతుంది. పసుపుచుక్క కింద నీరు చేరితే ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. చేతి నరానికి రంగుమందు ఎక్కించి రక్తనాళాల ఫొటోలు తీసే పరీక్ష 1961 నుండి వాడుకలో ఉన్నది. దానిని వైద్యుల పర్యవేక్షణలోనే చేస్తారు. ముదిరిన శుక్లం గాని, కంటిలో రక్తం గాని అడ్డుపడి లోపల ఏమీ కనిపించనప్పుడు శబ్దతరంగాల స్కానింగు తోడ్పడుతుంది.

శుక్లం ఆపరేషను తరువాత ‘ఆపరేషను చేసినా చూపు రాలేదు’ అన్న మాట పల్లెలలో తరచు వినబడుతుంది. ముందున్న శుక్లం తొలగినా వెనుకనున్న నేత్రపటలం అప్పటికే చెడి ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. ఆపరేషనుకు ముందే నేత్రపటలాన్ని చూసి, ఎంత చూపు రాగలదో కుటుంబానికి చెప్పించుకోవలెను.

షుగరు వ్యాధి, నేత్రపటలం

భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి, అనగా సుమారు 10 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉన్నది. 2022లో వెలువడిన మరొక జాతీయ అధ్యయనంలో, షుగరు ఉన్న 40 ఏళ్ళు దాటినవారిలో 12.5 శాతం మందికి నేత్రపటలం దెబ్బతిన్నట్లు, 4 శాతం మందికి అది చూపు పోయే స్థాయికి చేరినట్లు తేలింది.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. మొదట వాటిపై సూదిమొన అంత బుడిపెలు లేస్తాయి. పరీక్షలో ఇవి ఎర్రని చుక్కలుగా కనిపిస్తాయి. తరువాత రక్తపు మరకలు, కారిన కొవ్వు వల్ల పసుపుపచ్చని మచ్చలు ఏర్పడతాయి. నాళాలు మూసుకుపోయిన చోట దూదిపింజల వంటి తెల్లని మచ్చలు వస్తాయి. ఆకలిగొన్న నేత్రపటలం కొత్త రక్తనాళాలను పుట్టిస్తుంది. మేలు చేయవలసిన ఆ కొత్త నాళాలే పగిలి కంటిలో రక్తం నింపుతాయి, చివరకు నేత్రపటలాన్ని లాగి ఊడదీస్తాయి. పసుపుచుక్కలో నీరు చేరడం ఏ దశలోనైనా జరగవచ్చు.

గమనింపదగిన విషయమేమంటే, కొత్త నాళాలు పుట్టిన దశలో కూడా రోగి పట్టికలో చివరి వరుస వరకు చదవగలగవచ్చు. ‘చూపు బాగానే ఉన్నది కదా’ అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. పెద్దవయసులో వచ్చే షుగరుకు, జబ్బు తెలిసిన నాడే ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి కంటిపాప విప్పి చూపించుకోవలెను. చిన్నవయసులోనే ఇన్సులిను మీద ఉన్నవారికి ఐదేళ్ళ తరువాత ఏటేటా పరీక్ష మొదలు కావలెను. షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయితే మొదటి మూడు నెలలలోనే చూపించుకోవలెను. తొలి మార్పులు కనిపించినవారికి ఆరు నెలల నుండి ఏడాదికి, మధ్యస్థ స్థాయిలో ఉన్నవారికి ఆరు నెలలకు లేక అంతకు ముందే, ముదిరినవారికి వెంటనే నిపుణుని వద్దకు అన్నది సాధారణ క్రమం.

అమెరికాలో జరిగిన రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు 1976లోను, 1985లోను వెలువడ్డాయి. సకాలంలో లేజరు చేస్తే తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గించవచ్చునని మొదటిది, పసుపుచుక్క వాపు వల్ల కలిగే నష్టాన్ని సగానికి తగ్గించవచ్చునని రెండవది నిరూపించాయి. 2005 తరువాత కంటిలోనికి ఇచ్చే ఇంజక్షనులు వాడుకలోకి వచ్చి, వాపు ఉన్నవారిలో చూపును కొంత తిరిగి తేవడం కూడా సాధ్యమయింది. అయితే పోయిన చూపును తెచ్చే దానికన్న ఉన్న చూపును నిలబెట్టే శక్తియే వైద్యానికి ఎక్కువ.

అద్దాల దుకాణంలోనే షుగరు బయటపడే మార్గం ఒకటి ఉన్నది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు కంటి కటకం ఉబ్బి, దూరపు చూపు మసకబారుతుంది. చక్కెర తగ్గగానే నంబరు మళ్ళీ మారుతుంది. నడివయసువారికి కొద్ది నెలలలోనే నంబరు రెండు మూడుసార్లు మారితే, కొత్త అద్దాలకు ముందు రక్తపరీక్ష చేయించవలెను.

హఠాత్తుగా వచ్చేవి

నేత్రపటలం ఊడిపోవడం అత్యవసరం. చీకటిలో కన్ను మూసినా మెరుపులు మెరిసినట్లు ఉండటం, కళ్ళముందు నల్లని ఈగలు, సాలెగూడు దారాలు ఒక్కసారిగా ఎక్కువగా తేలడం, తరువాత ఒక పక్కనుండి నల్లని తెర జారినట్లు కావడం దీని లక్షణాలు. ఎక్కువ మైనస్ నంబరు ఉన్నవారికి, శుక్లం ఆపరేషను అయినవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి, ఇంతకు ముందు రెండవ కంటిలో ఇదే వచ్చినవారికి ప్రమాదం ఎక్కువ. చిరుగు పడినప్పుడే పట్టుకొంటే లేజరుతో చుట్టూ అతికించి ఇంటికి పంపవచ్చు. ఊడిన తరువాత పెద్ద ఆపరేషను కావలెను. పసుపుచుక్క ఊడకముందే ఆ ఆపరేషను జరిగితే చూపు చాలావరకు దక్కుతుంది. ఇక్కడ రోజులు కాదు, గంటలే లెక్క. చిరుగే ఈ జబ్బుకు మూలమని, దానిని మూయడమే చికిత్స అని స్విట్జర్లాండు వైద్యుడు జూల్ గోనాన్ నిరూపించేవరకు, ఇది వచ్చిన కన్ను పోయినట్లే అనుకొనేవారు.

శివకాశి, సాత్తూరు ప్రాంతాలలో టపాసుల పని, పల్లెలలో ముళ్ళకంప కొట్టడం, పిల్లల గిల్లీదండ ఆటలు కంటి దెబ్బలకు కారణాలు. ఎరుపు తగ్గగానే దెబ్బ మానిందనుకోరాదు. అంచులలో పడిన చిరుగు వారాలు, నెలల తరువాత కూడా నేత్రపటలాన్ని ఊడదీయవచ్చు. దెబ్బ తగిలిన ప్రతి కంటినీ మందు వేసి అంచుల వరకు చూపించవలెను.

కంటి ధమని మూసుకుపోతే నొప్పి లేకుండా క్షణాలలో చూపు పోతుంది. ఇది కంటికి వచ్చిన పక్షవాతం వంటిది. మెదడుకు కూడా ముప్పు ఉండవచ్చు కనుక గంటలలోనే పెద్ద ఆసుపత్రికి చేరవలెను. సిర మూసుకుపోతే నేత్రపటలమంతా రక్తపు మరకలు పడతాయి. వీరిలో చాలామందికి అదుపులో లేని బీపీ ఉంటుంది. యువకులలో, ముఖ్యంగా మగవారిలో, ఉన్నట్టుండి కంటిలో రక్తం కారి నల్లని దారాలు తేలడానికి ఈల్స్ వ్యాధి ఒక కారణం. మన దేశంలో ఇది ఇతర దేశాలలో కన్న ఎక్కువగా కనిపిస్తుంది.

మెల్లగా వచ్చేవి

అరవై దాటినవారికి పసుపుచుక్క అరుగుదల వస్తుంది. తలుపు గడప, కిటికీ కడ్డీలు వంకరగా కనిపించడం, ఎదుటివారి ముఖం మధ్యలో మసకగా ఉండటం దీని గుర్తులు. పొగతాగేవారికి ప్రమాదం అధికం. వంకర గీతలు కొత్తగా కనిపిస్తే వారం లోపల చూపించవలెను.

నడివయసు మగవారికి ఒక కంటిలో మధ్యన మసక వచ్చి, కొద్దిపాటి ప్లస్ అద్దంతో మెరుగైనట్లు అనిపిస్తే అది పసుపుచుక్క కింద చేరిన నీరు కావచ్చు. నీరు నేత్రపటలాన్ని ముందుకు నెట్టడం వల్ల అద్దం పనిచేసినట్లుంటుంది. అద్దం ఇచ్చి పంపితే జబ్బు మరుగున పడుతుంది. కీళ్ళనొప్పులకు, ఆయాసానికి వాడే స్టెరాయిడు మందులకు దీనితో సంబంధం ఉన్నది. ఆ మాట దాచకుండా చెప్పవలెను.

రేచీకటి, తమిళంలో ‘మాలైక్కణ్’, రెండు విధాలు. పిల్లలలో ఎ విటమిను లోపం వల్ల వచ్చేది మందుతో, ఆహారంతో నయమవుతుంది. వంశపారంపర్యంగా వచ్చేది రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇందులో ముందు రాత్రిచూపు, తరువాత పక్కచూపు తగ్గి, గొట్టంలోనుండి చూసినట్లవుతుంది. మేనరికపు పెళ్ళిళ్ళు ఉన్న కుటుంబాలలో దీని అవకాశం పెరుగుతుంది. ఒకే లోపపు జన్యువును తల్లి, తండ్రి ఇద్దరూ మోస్తున్నప్పుడు ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది తల్లి దోషం కాదు, శాపం కాదు. చికిత్స ఇంకా పరిమితమే. 2017లో అమెరికా ఆమోదించిన జన్యుచికిత్స ఒకే ఒక జన్యువు లోపానికి పనిచేస్తుంది. అయినా రోగనిర్ణయం వ్యర్థం కాదు. తక్కువ చూపుకు ఉపకరణాలు, చదువుకు సదుపాయాలు, దివ్యాంగుల ధ్రువపత్రం, తరువాతి పెళ్ళి సంబంధాలకు జన్యు సలహా దానివల్లనే లభిస్తాయి.

పిల్లల విషయంలో

నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, ముఖ్యంగా 34 వారాలలోపు పుట్టినవారికి, రెండు కిలోల లోపు బరువున్నవారికి, పుట్టిన 30 రోజులలోపల నేత్రపటల పరీక్ష జరగవలెను. మరీ చిన్న శిశువులకు ఇంకా ముందే చేయవలెను. వారి రక్తనాళాలు పూర్తిగా ఎదగకముందే దారితప్పి పెరగవచ్చు. గడువు దాటితే చికిత్సకు అవకాశం దాటిపోతుంది.

పసిబిడ్డ కంటిపాపలో పిల్లి కన్ను మెరిసినట్లు తెల్లని వెలుగు కనిపిస్తే, ఫొటోలలో ఒక కన్ను మాత్రం తెల్లగా పడితే, అది రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరు కావచ్చు. ముందుగా గుర్తిస్తే బిడ్డ ప్రాణం, తరచు కన్ను కూడా దక్కుతాయి. కొత్తగా వచ్చిన మెల్లకన్ను కూడా దీని గుర్తు కావచ్చు. మెల్లకన్ను అదృష్టమని ఊరుకోవడం తగదు.

ఈ ప్రాంతపు వైద్య వసతి

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపకుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఈ నేలకు చెందినవాడే. కోవిల్‌పట్టికి సమీపాన, ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో 1918లో వ్యవసాయ కుటుంబాన జన్మించాడు. కీళ్ళవాతం వల్ల వేళ్ళు వంకర తిరిగినా శస్త్రచికిత్స అభ్యసించి, లక్షకు పైగా ఆపరేషనులు స్వయంగా చేశాడు. ప్రభుత్వోద్యోగం నుండి విరమించిన 1976లో పదకొండు పడకలతో ఆసుపత్రి ప్రారంభించాడు. 2006లో కన్నుమూశాడు.

ఆ సంస్థ 2000ల తొలి సంవత్సరాల నుండి చిన్న పట్టణాలలో దృష్టి కేంద్రాలను నెలకొల్పుతూ వచ్చింది. అక్కడ శిక్షణ పొందిన యువతులు చూపు కొలిచి, స్లిట్ ల్యాంపుతో కన్ను చూసి, అవసరమైనవారికి నేత్రపటలం ఫొటో తీస్తారు. దూరాన ఉన్న వైద్యుడు ఆ వివరాలు చూసి, రోగితో తెరపై మాట్లాడి సలహా ఇస్తాడు. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ కూడా తెలుగు పల్లెలలో ఇటువంటి కేంద్రాలను నడుపుతున్నది.

నేత్రపటలం ఫొటోను కంప్యూటరే చదివి షుగరు మార్పులను గుర్తించే విధానాన్ని గూగుల్ సంస్థ 2016లో ప్రకటించింది. దానికి 1,28,175 ఫొటోలతో శిక్షణ ఇచ్చారు. అరవింద్ ఆసుపత్రి కూడా ఆ కృషిలో పాలుపంచుకొన్నది. ఇది గొప్ప సహాయమే. అయితే కెమెరాకు అందని అంచులు ఉంటాయి. మెరుపులు, తెర కనిపిస్తున్నవారు ఫొటో బాగున్నదని ఊరుకోరాదు.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద షుగరు, బీపీ మాత్రలు ఇంటికే వస్తున్నాయి. మాత్ర ఇంటికి వచ్చినా, కంటి పరీక్షకు మాత్రం మనిషి కదలి వెళ్ళవలెను.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

1. షుగరు ఉన్నవారు ఏటా పుట్టినరోజు, పండుగ, ఊరి తిరునాళ్ళు, ఏదో ఒకటి గుర్తుపెట్టుకొని అదే నెలలో కంటిపాప విప్పించి చూపించుకోవలెను.

2. పరీక్ష ముగిశాక మూడు ప్రశ్నలు అడగవలెను: మందు వేసి నేత్రపటలం చూశారా? ఏమి కనిపించింది? మళ్ళీ ఎప్పుడు రావలెను? సమాధానాన్ని చీటీపై రాయించుకోవలెను.

3. పాత చీటీలు, ఫొటోలు, వాడుతున్న మాత్రల అట్టలు, చివరి షుగరు, బీపీ లెక్కలు ఒక సంచిలో పెట్టి వెంట తీసుకువెళ్ళవలెను.

4. తమిళం చదవలేని పెద్దలకు కాగితంపై మాటలు ఇంట్లోని పిల్లలు చదివి చెప్పవలెను. విళిత్తిరై నేత్రపటలం, కణ్‌పురై శుక్లం, కణ్ అళుత్త నోయ్ నీటికాసులు, నీరిళివు నోయ్ షుగరు వ్యాధి.

5. మెరుపులు, నల్లని తెర, హఠాత్తుగా పోయిన చూపు, పసిబిడ్డ కంటిలో తెల్లని మెరుపు: వీటికి అద్దాల దుకాణం తగిన చోటు కాదు. అదే రోజు నేత్రవైద్యుని వద్దకు వెళ్ళవలెను.

6. సూదిరంధ్రంతోను, అద్దంతోను మెరుగుపడని చూపుకు కారణం తెలిసేవరకు వదలరాదు.

కళ్ళద్దాలు అవసరమే, అవి ఇచ్చేవారి సేవ విలువైనదే. అయితే అద్దం సవరించేది కంటిలో పడే వెలుగును మాత్రమే. ఆ వెలుగును అందుకొనే పొర చెడిపోతే ఎంత ఖరీదైన అద్దమైనా నిష్ప్రయోజనం. ఏడాదికి ఒక పూట, నాలుగు చుక్కల మందు, కొన్ని గంటల మసక: జీవితాంతపు చూపుకు చెల్లించే మూల్యం ఇంతే.